చిన్నీ, బాటిల్‌ని మెడ దగ్గరే పట్టుకో

చిరంజీవి చిన్నీకి,

పెద్దనాన్న దీవెనలు. ప్రాక్టికల్స్‌లో తెలియని ద్రవం ఇచ్చి సాంద్రత కనుక్కోమంటారని టెన్షన్ పడుతున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. లెక్క గురించి బెంగ పెట్టుకోకు, అది మూడు తూకాల పనే. తప్పులన్నీ బాటిల్ పట్టుకునే దగ్గర జరుగుతాయి.

డెన్సిటీ బాటిల్, అదే సాంద్రత కొలిచే చిన్న గాజు సీసా, దాని బిరడాకి నిలువునా సన్నటి రంధ్రం ఉంటుంది చూశావా? మూతి దాకా నింపి బిరడా పెడితే, ఎక్కువైన ద్రవం అందులోంచి పైకి వస్తుంది. ఆ బొట్టుని ఫిల్టర్ పేపర్‌తో చటుక్కున అద్దెయ్. కాగితాన్ని అక్కడే ఆనించి ఉంచావంటే లోపలిది కూడా పీల్చేస్తుంది. నేను చదువుకునే రోజుల్లో బాటిల్‌ని గుప్పిట్లో పట్టుకుని తుడిచాను. చేతి వేడికి ద్రవం వ్యాకోచించి మళ్లీ ఒక బొట్టు వచ్చింది. తుడిచాను. మళ్లీ వచ్చింది. నాలుగుసార్లు తూస్తే నాలుగు విలువలు! ఏడుపొక్కటే తక్కువ. నువ్వు మాత్రం మెడ దగ్గర టిష్యూ పెట్టి రెండు వేళ్లతో పట్టుకో. లోపల గాలి బుడగ ఉంటే తీసి మళ్లీ నింపు.

పొడి బాటిల్ 18.42 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్‌తో 43.35, నీ ద్రవంతో 38.04 అనుకో. అంటే నీళ్లు 24.93, ద్రవం 19.62. బాటిల్ మీద 25 మి.లీ. అని ఉంది కదా అని దాంతో భాగించకు, అసలు ఎంత పడుతుందో నీళ్ల బరువే చెప్తుంది. 19.62ని 24.93తో భాగించి నీటి సాంద్రతతో హెచ్చవెయ్యి. నీటి సాంద్రత మి.లీ.కి ఇన్ని గ్రాములని లెక్కేస్తే 25 డిగ్రీల దగ్గర 0.997, ల్యాబ్ 30 డిగ్రీలుంటే 0.9957. అందుకే థర్మామీటర్ చూసి రాసుకోవాలి. 25 డిగ్రీలైతే జవాబు 0.785.

వెంటనే ఇథనాల్ అని రాసెయ్యకు తల్లీ. 25 డిగ్రీల దగ్గర ఇథనాల్‌ది 0.785, అసిటోన్‌ది 0.784. మన తూకంతో అంత చిన్న తేడా తేలదు. అయోడిన్, క్షారం వేసి చేసే అయోడోఫారం పరీక్షలోనూ రెండూ పసుపు అవక్షేపమే (ద్రవంలోంచి విడివడే పొడి) ఇస్తాయి. 2,4-డీఎన్‌పీ అనే పరీక్ష రసాయనం వేసి చూడు, అసిటోన్ అయితే అవక్షేపం పడుతుంది, ఇథనాల్‌కి పడదు. రెండూ ఇట్టే అంటుకునేవి, పక్కన బర్నర్ వెలుగుతుంటే ఆర్పించు.

నీళ్లు తూచాక బాటిల్ ఆరే దాకా ఆగే టైం ఉండదు. కొద్దిగా ఆ ద్రవంతోనే రెండుమూడు సార్లు కడిగి పారబోసి, తర్వాత నింపు. బాటిల్ మీదా బిరడా మీదా నంబర్లుంటే రెండూ ఒకటేనా అని ముందే చూసుకో, కలవకపోతే మార్పించుకో.

పరీక్ష అయ్యాక ఫోన్ చేసి నీ రీడింగులు చదివి వినిపించు.

మీ పెద్దనాన్న