మందుల పరిశోధనలోకి అమ్మాయి: 40 లక్షల అప్పు చేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. నాకు 52 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 55 వేలు చేతికొస్తాయి. 58కి రిటైర్మెంట్. అమ్మాయి బి.ఫార్మసీ మూడో ఏడు పూర్తి చేసింది. కొత్త మందులు కనిపెట్టే పరిశోధనలోకి వెళ్తానంటోంది. అమెరికాలో ఎంఎస్‌కి 40 లక్షలవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. 12 లక్షల ఎఫ్‌డీ, ఒక ప్లాటు ఉన్నాయి. అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ప్లాటు అమ్మాలా, తాకట్టు పెట్టి లోన్ తీసుకోవాలా?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. అమ్మాయి మంచి రంగం ఎంచుకుంది, వెనక్కి లాగకండి. కాకపోతే ఈ రంగంలో చదువుకుంటుండగానే నెలనెలా డబ్బులిచ్చే దారులున్నాయి. అవి ప్రయత్నించకుండా అప్పు జోలికి వెళ్లొద్దు.

ముందు లెక్క చూడండి. ఏడాదికి 20 లక్షల చొప్పున రెండేళ్లు, 11 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువు, ఆపైన ఆరు నెలల గడువు ముగిసేసరికి సాధారణ వడ్డీయే 8.8 లక్షలు. అప్పు 48.8 లక్షలకు చేరుతుంది. పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ దాదాపు 67 వేలు, అంటే మీ జీతం కన్నా ఎక్కువ. కట్టడం మొదలయ్యేసరికి మీకు 55 దాటుతుంది, తీరేసరికి 65 దాటుతుంది. అమ్మాయే కడుతుందంటారా? అమెరికాలో ఎంఎస్ తర్వాత ఓపీటీ కింద పని చేసుకునే అనుమతి, సైన్స్, టెక్నాలజీ కోర్సులకిచ్చే స్టెమ్ పొడిగింపుతో కలిపి గరిష్ఠంగా 3 ఏళ్లు. ఆ తర్వాత హెచ్1బీ ఉద్యోగ వీసా వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. ఇండియాకి తిరిగొస్తే కొత్తగా చేరినవాళ్లకి 67 వేల ఈఎంఐ కట్టగల జీతం దొరకడం చాలా కష్టం.

ఇంకో మాట అమ్మాయితోనే తేల్చుకోవాలి. మందుల పరిశోధన అంటే ఒకే పని కాదు. కొత్త మాలిక్యూల్స్ తయారుచేసే ల్యాబుల్లో ఎక్కువగా ఎంఎస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ, పీహెచ్‌డీ చేసినవాళ్లు కనిపిస్తారు. ఆ మాలిక్యూల్‌ని టాబ్లెట్‌గానో ఇంజెక్షన్‌గానో మలిచే ఫార్ములేషన్ విభాగం ఎం.ఫార్మ్ ఫార్మాస్యూటిక్స్ వాళ్లది. మందు శరీరంలో ఎలా పనిచేస్తుందో చూసేది ఫార్మకాలజీ. మనుషుల మీద మందుని పరీక్షించే క్లినికల్ ట్రయల్స్, ప్రభుత్వ అనుమతుల పని చూసే రెగ్యులేటరీ అఫైర్స్ మళ్లీ వేరు. సొంతంగా ప్రాజెక్టు నడిపే స్థాయికి వెళ్లాలంటే చాలాచోట్ల పీహెచ్‌డీ అడుగుతారు. హైదరాబాద్ దగ్గర ఫార్మా, బయోటెక్ కంపెనీలుండే జినోమ్ వ్యాలీలోని కంపెనీల ఉద్యోగ ప్రకటనలు ఓ ఇరవై తీసి, అర్హత దగ్గర ఏం రాశారో ఒక కాగితం మీద రాయమనండి. కన్సల్టెన్సీ సలహా కన్నా ఆ కాగితం ఎక్కువ ఉపయోగం. చాలా కన్సల్టెన్సీలకు యూనివర్సిటీల నుంచి కమీషన్ వస్తుంది, అది మనసులో పెట్టుకోండి.

ఇక దారి. ఫైనలియర్‌లోనే జీప్యాట్ (ఎం.ఫార్మ్ చదువుకి జాతీయ అర్హత పరీక్ష) రాయొచ్చు. అందులో క్వాలిఫై అయితే నైపర్ (కేంద్ర ప్రభుత్వ ఫార్మా విద్యా, పరిశోధన సంస్థ) ప్రవేశ పరీక్ష, అంటే నైపర్ జేఈఈ, రాయాలి. దేశంలో 7 నైపర్‌లున్నాయి, ఒకటి హైదరాబాద్ బాలానగర్‌లోనే ఉంది. అక్కడ సీటు వస్తే ఫీజు మీ ఎఫ్‌డీకి అందేదే. జీప్యాట్‌తో చేరినవాళ్లకి నెలకు 12,400 స్టైపెండ్, రెండేళ్లకి 2,97,600. హాస్టల్, మెస్ ఖర్చుల్లో పెద్ద భాగం అందులోనే వెళ్లిపోతుంది. ఇంకా తక్కువ పడితే కేంద్ర ప్రభుత్వ విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి కింద ఇలాంటి సంస్థలకు తాకట్టు, హామీదారు లేకుండా లోన్ ఇస్తారు.

తర్వాత పీహెచ్‌డీకి మన దేశంలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, పైగా హెచ్‌ఆర్‌ఏ. అమెరికా కోరిక అప్పుడు తీర్చుకోవచ్చు. అక్కడ ఫార్మా సైన్సెస్ పీహెచ్‌డీ సీట్లలో ఎక్కువ భాగానికి యూనివర్సిటీయే ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తుంది. దరఖాస్తులు, పరీక్షలు, వీసా, టికెట్ ఖర్చులే మీవి.

జీప్యాట్ ఒక్కసారికే రాకపోతే టెన్షన్ పడకండి. ఒక ఏడాది ఏదైనా ఫార్మా కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం)లో పనిచేస్తూ మళ్లీ రాయనివ్వండి. ఆ జీతం చిన్నదే కానీ, ల్యాబ్ పని తనకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది. భారీ డొనేషన్ కట్టి, సరైన ల్యాబ్ కూడా లేని కాలేజీలో ఎం.ఫార్మ్‌కి మాత్రం పంపొద్దు.

అన్నీ చూశాక కూడా విదేశీ ఎంఎస్సే కావాలంటే లోన్ 15 లక్షలు దాటనివ్వకండి. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు. ఏడాది ఖర్చుకి దాదాపు 12 వేల యూరోలు, నెలకింత అని మాత్రమే తీసుకోగల బ్లాక్డ్ అకౌంట్‌లో చూపాలి. లోన్ తీసుకుంటే కట్టే వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు 8 ఏళ్ల వరకు వస్తుంది, కానీ పాత పన్ను విధానంలోనే.

ఎఫ్‌డీలో 4 లక్షలు అబ్బాయి పేరు మీద ఇప్పుడే వేరు చేయండి. మరో 3 లక్షలు ఇంటి అత్యవసరాలకు కదపొద్దు. అమ్మాయి చదువుకి మిగిలేది 5 లక్షలు. నైపర్ దారికి అది చాలు.