హనోయిలో వయసు అడిగితే నొచ్చుకోకండి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. టైలరింగ్ షాపు నడుపుతున్నాను. కూడబెట్టుకున్న డబ్బుతో వియత్నాం చూడాలని ఆశ. ప్యాకేజీ టూర్ల పరుగులు నాకు పడవు. ఇంగ్లీషు అంతంతమాత్రం, మాంసం ముట్టను. ఒక్కదాన్నే వెళ్తానంటే మా అబ్బాయి ససేమిరా అంటున్నాడు. వెళ్లగలనా మేడమ్?
- ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: నిక్షేపంగా వెళ్లగలరమ్మా. విజయనగరంలో లెక్కల టీచరుగా రిటైరయ్యాక, 61వ ఏట, నేనూ ఒక్కదాన్నే వెళ్లాను. మీలాగే నాకూ భాష గురించే టెన్షన్. తీరా చూస్తే నన్ను ఇబ్బంది పెట్టింది భాష కాదు, నా పేరు.

వియత్నాం ఈ-వీసా ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. ఒకసారి వెళ్లి రావడానికి 25 డాలర్లు, 90 రోజుల దాకా ఇస్తారు. ప్రభుత్వ వెబ్‌సైటులోనే అప్లై చేయండి, అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ల సైట్లు చాలా ఉన్నాయి. పాస్‌పోర్టులో నా పేరు రెండు మాటలు. అలవాటుకొద్దీ ఒకటే రాసి పంపేశాను. వీసా వచ్చింది, సంతోషించాను. ప్రింటు తీయించడానికి మూడు లాంతర్ల దగ్గర జిరాక్స్ షాపుకి వెళ్తే, ఆ కుర్రాడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి "టీచరమ్మా, ఇందులో పేరు పొట్టిగా ఉందేంటండీ?" అన్నాడు. కాళ్లలో వణుకు పుట్టింది. మళ్లీ అప్లై చేసి, మళ్లీ 25 డాలర్లు కట్టాను. ప్రయాణానికి ఇంకా తొమ్మిది రోజులుంది కాబట్టి సరిపోయింది. అదే ఎయిర్‌పోర్టులో బయటపడి ఉంటే?

మనవాళ్లలో ఒకరికి ఇంటిపేరు ముందుంటుంది, ఒకరికి చివర, కొందరికి పొడి అక్షరమే. అందుకని పాస్‌పోర్టు ఫొటో పేజీలో అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి చూడండి, అందులో మీ పేరుకి ఉన్న అక్షరాలనే వీసాకీ టికెట్‌కీ దించండి. పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు ఇంకొకరి చేత చదివించండి. మీ అబ్బాయికి ఈ పని అప్పజెప్పండి, అతని బెంగా కొంత తగ్గుతుంది.

విశాఖ నుంచి సింగపూర్ మీదుగా వెళ్తే, మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్ కొనండి. చవకని రెండు వేర్వేరు టికెట్లు కొంటే, సింగపూర్‌లో సామాను బయటికి తెచ్చుకుని మళ్లీ అప్పగించాల్సి రావచ్చు. అలా ఇమిగ్రేషన్ దాటాలంటే సింగపూర్ వీసా కూడా కావాలి.

ఇక భాష. హనోయిలో నేను దిగిన చిన్న లాడ్జిలో కౌంటర్ దగ్గరి అమ్మాయి తాళం ఇవ్వకముందే ఫోన్‌లో అనువాదం చేసి చూపించింది: "మీ వయసెంత?" మొదట చివుక్కుమంది. తర్వాత అర్థమైంది, వాళ్లకి మాట మొదలుపెట్టాలంటే వరస కావాలి. అక్క, అన్న, చిన్నాన్న, పెద్దమ్మ... ఏదో ఒకటి కలపాల్సిందే. నేను వాళ్లమ్మకన్నా పెద్దదాన్నని తెలిశాక "బాక్" అని పిలిచింది. అంటే అమ్మానాన్నల కన్నా పెద్దవాళ్లని పిలిచే మాట. మన ఊళ్లలో ముక్కూముఖం తెలియనివాళ్లనైనా "అప్పా" అనో "పిన్నీ" అనో పిలుస్తాం కదా, అలాగే. హోటల్లో కాస్త పెద్దామెని "చి ఒయ్" అని పిలవండి. చి అంటే అప్ప, అదే అక్క. మన "ఓయ్"లో ఉండే మొరటుతనం వాళ్ల "ఒయ్"లో లేదు. ఆ రెండు మాటలతో నాకు దొరికిన ఆదరణ ఎంత ఇంగ్లీషు వచ్చినా దొరికేది కాదు.

తిండికి "చాయ్" అన్న మాట నేర్చుకోండి. మన టీ కాదు, శాకాహారం. ఆ బోర్డున్న చోట చేపల సాస్ కూడా వేయరు. వేరేచోట "మాంసం వద్దు" అంటే ముక్కలు తీసేస్తారు, సాస్ ఉండిపోతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ వాళ్లలోనూ చాలామంది మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో మీకు పండగే.

మీది ఆమదాలవలస కాబట్టి ఒకటి అడుగుతున్నాను. మధ్య వియత్నాంలోని దా నాంగ్‌లో రాత్రి రైలెక్కి థాప్ చామ్ స్టేషన్‌లో దిగండి. దగ్గర్లోనే గుట్ట మీద పో క్లోంగ్ గరాయి గుడి ఉంది, 13వ శతాబ్దం చివర్లో, ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చామ్ రాజుల కాలంలో ఇటుకలతో కట్టింది. లోపల శివలింగం మీద రాజు ముఖం చెక్కి ఉంటుంది. ముఖలింగం! మీ దగ్గర్లోని శ్రీముఖలింగంలో ఎన్నోసార్లు దండం పెట్టుకున్నదాన్ని, అక్కడ గడప దగ్గర ఎంతసేపు నిలబడిపోయానో. చామ్ వాళ్లు ఇప్పటికీ అక్కడ పూజలు చేస్తారు, చెప్పులు విడిచి వెళ్లండి.

ప్రశ్న: వియత్నాంకి డబ్బు ఎలా తీసుకెళ్లాలి?
- బొబ్బిలి నుంచి ఇద్దరు స్నేహితులు

జవాబు: కొంత డాలర్ నోట్లుగా, కొంత కార్డులో. డాలర్లు మడతలు, పెన్ను గీతలు లేనివి అడిగి తీసుకోండి, నలిగినవి తీసుకోరు. అక్కడ 20 వేల డాంగ్ నోటూ 5 లక్షల నోటూ రెండూ నీలమే. మొదటిది మన 70 రూపాయలకి అటూఇటూ, రెండోది 1,700 దరిదాపు. రాత్రి వెలుతురులో నేను కొబ్బరిబోండానికి 5 లక్షల నోటు ఇచ్చేశాను. ఆ ముసలావిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, నోటు తిరిగి చేతిలో పెట్టి, నా పర్సులోంచి 20 వేల నోటు తనే తీసి చూపించింది. అందరూ ఆవిడలా ఉండరు కాబట్టి 5 లక్షల నోట్లు వేరే పర్సులో పెట్టుకోండి.