కరెంటు తినేది కెమెరా తెలివి కాదు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో మూడు సీసీ కెమెరాల కరెంటు గురించే ఉన్నాయి. మూడూ బెంగళూరులో ఉన్న మనవాళ్లు పంపినవే కాబట్టి ఒకేచోట జవాబు రాస్తున్నాను.

*ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా, మారతహళ్లిలో పీజీ నడుపుతున్నాను. పాత కెమెరాలు తీసేసి ఎనిమిది ఏఐ కెమెరాలు పెట్టించాను. ఇదివరకు కరెంటు పోతే యూపీఎస్ గంటసేపు ఆగేది, ఇప్పుడు రాత్రిపూట అరగంట కూడా రావడం లేదు. ఏఐకి కరెంటు ఎక్కువ కాలుతుంది, దాన్ని ఆపేయమని ఒకరు అంటున్నారు. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో ఇంకొకాయన గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ పెట్టి ఏఐ అంతా దాని మీద నడపమంటున్నారు. ఏం చెయ్యాలి?*

రెండూ వద్దు. ముందు లెక్క చూద్దాం. ఇప్పటి కెమెరా చిప్‌లో మనిషిని, బండిని గుర్తుపట్టే పని కోసం ఎన్‌పీయూ అని చిన్న భాగం విడిగా ఉంటుంది. అది వీడియో మొత్తాన్ని పూర్తి సైజులో చూడదు, బొమ్మను బాగా చిన్నది చేసుకుని సెకనుకి కొన్నిసార్లు మాత్రమే చూస్తుంది, లెక్కలు కూడా 8 బిట్ల చిన్న అంకెల్లో చేస్తుంది, అందుకే దానికి అయ్యే ఖర్చు సాధారణంగా ఒక వాటు లోపే. అదే కెమెరాలో రాత్రి వెలిగే ఐఆర్ (కంటికి కనపడని పరారుణ కాంతి) దీపాలు మూడు నాలుగు వాట్లు లాగేస్తాయి. పగలు నాలుగు వాట్లతో నడిచే కెమెరా రాత్రి ఎనిమిదికి వెళ్లడం మామూలే. మీ యూపీఎస్ రాత్రిపూట చేతులెత్తేయడానికి కారణం అదే.

ఎనిమిది కెమెరాలు, ఒక్కోటి ఎనిమిది వాట్లు అనుకుంటే 64. వీడియోలు దాచే ఎన్‌వీఆర్ అనే హార్డ్ డిస్క్ పెట్టెకి ఓ 15, రౌటర్‌కి, కెమెరాల తీగలు కలిసే నెట్‌వర్క్ స్విచ్‌కి కలిపి ఇంకో 15. మొత్తం 90 పైచిలుకు. మీరు యూపీఎస్ సైజు రాయలేదు గానీ చాలామంది వాడేది 600 వీఏ రకం. 600 అనే అంకె చూసి మోసపోకండి, అది ఒక్కసారిగా ఎంత లోడు మోయగలదో చెప్పే అంకె, ఎంతసేపు మోస్తుందో చెప్పేది కాదు. లోపల ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, గుణిస్తే 84 వాట్-అవర్లు, అంటే లెక్క ప్రకారం 84 వాట్ల లోడుని గంటసేపు నడిపేంత. అంత వేగంగా లాగితే లెడ్ ఆసిడ్ బ్యాటరీ తన దగ్గరున్నదంతా ఇవ్వలేదు, అరగంటకే పడుకుంటుంది. రెండు మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే ఇంకా ముందే.

ఇంటి ఇన్వర్టర్‌కి పెట్టే 150 ఏహెచ్ బ్యాటరీలో 1800 వాట్-అవర్లు ఉంటాయి. సగానికి కాస్త పైన మాత్రమే చేతికొస్తుందనుకున్నా, ఫ్యాన్లు తగిలించకుండా కెమెరాలు, రౌటర్ మాత్రమే దాని మీద పెడితే పది గంటలు వస్తుంది. మీ డబ్బు అక్కడ పెట్టండి. ఎస్పీ రోడ్డు కంప్యూటర్ సంగతంటారా, 150 నుంచి 200 వాట్లు లాగుతూ ఇరవై నాలుగు గంటలూ నడిస్తే రోజుకి మూడున్నర నుంచి ఐదు యూనిట్లు, నెలకి వందకు పైనే. కెమెరా తనంతట తాను చేసుకుంటున్న పనికి ఇంత ఖర్చు ఎందుకండీ?

కారిడార్ లైట్లు రాత్రంతా వెలిగేవే కదా, అవి ఇన్వర్టర్ మీద ఉంటే అక్కడి కెమెరాలను డే మోడ్‌లో ఉంచెయ్యండి, ఐఆర్ వెలగదు, బొమ్మ కూడా రంగుల్లో వస్తుంది. వెలుతురుంటే ఇంకో లాభం కూడా ఉంది: చీకట్లో కెమెరా సెన్సర్ బలవంతంగా వెలుతురు పెంచుకుంటుంది, దాంతో బొమ్మంతా చుక్కలు చుక్కలుగా కదులుతుంది, ఆ చుక్కల్ని కూడా కదలికే అనుకుని రికార్డింగ్ సైజు ఉబ్బిపోతుంది. వీడియోని కుదించి దాచే పద్ధతి సెట్టింగుల్లో హెచ్.264 అని ఉంటే హెచ్.265కి మార్చండి, డిస్క్‌లో దాదాపు సగం చోటు మిగులుతుంది.

కేబుల్ కూడా చూసుకోండి. నెట్‌వర్క్ తీగలోనే కెమెరాకి కరెంటు కూడా పంపే పద్ధతిని పీఓఈ అంటారు. దాని 802.3ఏఎఫ్ ప్రమాణంలో స్విచ్ 15.4 వాట్లు పంపితే 100 మీటర్ల తీగ చివర కెమెరాకి 12.95 వాట్లు అందేలా లెక్క వేశారు, మిగతాది తీగలో వేడైపోతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ వేసి ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. ఇంకో మాట, అడగకపోయినా చెప్తున్నాను: కారిడార్ కెమెరాలో ఏ గది తలుపులోంచీ లోపలి భాగం కనపడకూడదు, తిప్పి పెట్టించండి.

*ప్రశ్న: హోరమావులో అద్దెకుంటున్నాం. నాలుగు కెమెరాలు, ఎన్‌వీఆర్ పెట్టుకోవాలనుకుంటున్నాం. గృహజ్యోతి (కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.*

నాలుగు కెమెరాలకి సగటున ఐదేసి వాట్లు, ఎన్‌వీఆర్‌కి 15, మొత్తం 35 వాట్లు. రోజుకి 0.84 యూనిట్, నెలకి 25. గృహజ్యోతిలో 2022-23 సగటు వాడకం మీద సాధారణంగా పది శాతం కలిపి వచ్చిన యూనిట్ల వరకు ఉచితం, అది దాటితే దాటినవాటికి మాత్రమే కడతారు, కానీ 200 దాటిన నెలలో మొత్తం బిల్లు మీదే. అంటే ఇప్పుడు మీ వాడకం నెలకి 170 యూనిట్లలోపే ఉంటే గృహజ్యోతి పోతుందన్న భయం లేదు, 180ల్లో ఉంటే మాత్రం ఆలోచించండి. రెండు కెమెరాలతో, ఎన్‌వీఆర్ లేకుండా మెమొరీ కార్డు మీద నడిపితే నెలకి ఏడెనిమిది యూనిట్లతో సరిపోతుంది. అద్దె ఇంటికి అది చాలు.

*ప్రశ్న: కె.ఆర్.పురంలో ఉంటున్నాను. మదనపల్లె దగ్గర పల్లెలో అమ్మ ఒక్కతే ఉంటుంది. వసారాలో, మామిడి తోపు వైపు కనపడేలా 4జీ సోలార్ ఏఐ కెమెరా పెట్టాను. బ్యాటరీ నెలలు వస్తుందన్నారు, నాలుగైదు రోజులకే అయిపోతోంది. అమ్మ కనపడుతుందని ఆఫీసులో ఉన్నంతసేపూ ఫోన్‌లో తెరిచి చూస్తుంటాను. డిఫెక్ట్ పీసా?*

కాదండీ, కెమెరా బాగానే ఉంది. ఈ రకం కెమెరాలు నిద్రపోవడానికే పుట్టాయి. పీఐఆర్ అనే సెన్సర్ ఒక్కటే మెలకువగా ఉండి, ఒంటి వేడి కదిలితే మిగతా కెమెరాని లేపుతుంది, లేచాక ఏఐ అది మనిషా, కుక్కా అని చూసి, మనిషైతేనే మీకు కబురు పంపి మళ్లీ పడుకుంటుంది. 10,000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండేది 37 వాట్-అవర్లు. ఇరవై సెకన్ల క్లిప్‌లు రోజుకి వంద తీసినా ఒకటిన్నర వాట్-అవర్ ఖర్చవుతుంది. మీరు లైవ్ తెరిచారంటే 4జీ పంపడం, వీడియో తయారుచేయడం ఆగకుండా నడుస్తాయి, గంటకి మూడు వాట్-అవర్ల దాకా పోతాయి. రోజుకి మూడు గంటలు చూస్తే తొమ్మిది. సోలార్ ప్యానెల్ నుంచి వచ్చేది పక్కన పెడితే నాలుగు రోజులకు బ్యాటరీ ఖాళీ.

అమ్మని చూడొద్దని నేను చెప్పను. వసారాలో కరెంటు ఉంది కదా, అక్కడ ప్లగ్గుకి పెట్టే మామూలు కెమెరా పెట్టి దాన్ని ఎంతసేపైనా చూసుకోండి. సోలార్ దాన్ని తోపు గేటుకి మార్చండి, అది నిద్రపోవాల్సిన చోటు అదే.

మార్చేటప్పుడు రెండు చూసుకోండి. ఎదురుగా ఎండలో ఊగే కొమ్మ ఉంటే పీఐఆర్ కెమెరాని మాటిమాటికీ లేపుతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో చుట్టూ వేడి ఒంటి వేడితో సమానమైపోయి మనిషి వచ్చినా కనిపెట్టలేకపోవచ్చు, కాబట్టి నీడ పడే వైపుకి తిప్పండి. బొమ్మలో కదలికను చూసి అలర్ట్ పంపే కెమెరాలకి సాలెగూడు కూడా శత్రువే. మా ఇంటి వీధి కెమెరా ఒక వారం పాటు రాత్రంతా అలర్టులు పంపుతూనే ఉంది. ఏమిటా అని చూస్తే లెన్స్ ముందు ఒక్క పోగు, ఐఆర్ వెలుతురులో తెల్లటి తాడంత లావుగా కనపడుతూ గాలికి ఊగుతోంది. పొడిగుడ్డతో తుడిచాక ఆ రాత్రి ఒక్క అలర్టూ రాలేదు.

ప్యానెల్‌ని మామిడి చెట్టు నీడ తగలని చోట, దక్షిణం వైపుకి, మదనపల్లె అక్షాంశానికి తగ్గట్టు 13, 14 డిగ్రీల వాలుతో పెట్టండి. ఒక మూల నీడ పడినా మొత్తం ప్యానెల్ ఇచ్చే కరెంటు బాగా పడిపోతుంది. దుమ్ము తుడవడానికి అమ్మని నిచ్చెన ఎక్కనివ్వకండి, నెలకోసారి మీరు ఊరికి వెళ్లినప్పుడు తడిగుడ్డతో తుడిస్తే చాలు.