అల్లుడూ, కాస్త మెల్లగా పరుగెత్తు

అల్లుడికి,

విశాఖ మారథాన్ కోసం నువ్వు చేస్తున్న పరుగుల లెక్క, వాట్సాప్‌లో పంపిన నాలుగు నెలలదంతా కూర్చుని చూశాను. వారానికి 20 కిలోమీటర్లతో మొదలుపెట్టి 45 దాకా వచ్చావు. బ్యాంకు డ్యూటీ, ఇద్దరు పిల్లలు, అయినా తెల్లవారుజామున నాలుగున్నరకే రోడ్డెక్కుతున్నావు. చాలా సంతోషంగా ఉంది. ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. 5 కిలోమీటర్లు వెళ్లిన రోజూ, 22 వెళ్లిన రోజూ నీ వేగం ఒకటే, కిలోమీటరుకు 5 నిమిషాల 20 సెకన్లు.

ఈ అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు. ఆర్మీ సెలక్షన్ కోసం రెండేళ్లు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో 1600 మీటర్లు కొట్టావు. ఐదున్నర నిమిషాల్లో రావాలని రోజూ రొప్పుకుంటూ, నోరెండిపోయేదాకా పరుగెత్తావు. మన శ్రీకాకుళం కుర్రాళ్లు చాలామందికి పరుగంటే అదే. మారథాన్ 42.195 కిలోమీటర్లు, అంటే అలాంటి 1600 మీటర్లు 26 పైచిలుకు. నాలుగు గంటల్లో పూర్తి చేయాలన్నావు కదా, దానికి కిలోమీటరుకు 5:41 చాలు. అంటే రేసులో వెళ్లాల్సిన దానికన్నా ప్రాక్టీసులోనే ఎక్కువ వేగంగా వెళ్తున్నావు.

మెల్లగా వెళ్తే ఒళ్లు కొవ్వును ఎక్కువగా వాడుకుంటుంది. వేగం పెంచేకొద్దీ కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ తరిగిపోతుంది. చాలామందికి అది 30, 35 కిలోమీటర్ల మధ్య అడుగంటుతుంది. ఆ తరవాత ఎంత పట్టుదలున్నా కాళ్లు కదలవు.

2016లో హైదరాబాద్‌లో నాకు అదే జరిగింది. మొదటి 10 కిలోమీటర్లు జనంతో పాటు ఊపుగా పోయాను. ఫ్లైఓవర్లు ఎక్కి దిగి 33 దగ్గరకొచ్చేసరికి రెండు పిక్కలూ పట్టేశాయి. ఫుట్‌పాత్ అంచున కూలబడ్డాను. షూ లేసు విప్పుకుందామంటే వేళ్లు వాచిపోయి ముడి అందలేదు. రోడ్డు ఊడుస్తున్న ఒకావిడ చీపురు పక్కన పెట్టి, నా కాలు తన మోకాలి మీద పెట్టుకుని ముడి విప్పింది. ఆ రోజు పూర్తి చేయలేకపోయాను. మళ్లీ ఏడాదంతా పెద్ద చెరువు గట్టు మీద, రామతీర్థం రోడ్డు మీద మెల్లగా పరుగెత్తడం నేర్చుకున్నాకే నా మొదటి మారథాన్ పూర్తయింది.

ఇంకా తొమ్మిది వారాలుంది. వారంలో నాలుగు రోజులు పరుగెడుతున్నావు కాబట్టి మూడు రోజులు ఆరున్నర, ఏడు నిమిషాల వేగంతోనే వెళ్లు. పక్కన మనిషుంటే ఆయాసం లేకుండా కబుర్లు చెప్పగలగాలి, అదే గుర్తు. సైకిళ్ల మీద పాలవాళ్లు దాటిపోతారు, పోనీ. నాలుగో రోజు నీ ఇష్టం, గట్టిగా కొట్టు. మన సముద్రపు గాలిలో తేమెక్కువ, చెమట ఆరదు. ఉక్కపోసిన రోజు వాచీలో వేగం తగ్గిందని టెన్షన్ పడకు.

ఆదివారం పరుగు అరసవల్లి మీదుగా శ్రీకూర్మం పెట్టుకో. వెళ్లి వస్తే 28 వచ్చిందన్నావుగా, చాలు. రేసుకు మూడు వారాల ముందు ఒక్కసారి 32 చెయ్యి. అక్కణ్ణుంచి తగ్గించుకుంటూ రా. ఆ చివరి వారాల్లో కాళ్లు దురదపెడతాయి, ఇంకా చేయాలనిపిస్తుంది. చేయకు. మధ్యలో తుఫాను పట్టి నాలుగు రోజులు పోతే పోనీ, ఆ బాకీని తరవాతి వారంలో తీర్చాలని చూడకు.

కాలి ముందు ఎముక నొప్పి అన్నావు, అది నన్ను భయపెట్టింది. ఎముక వెంబడి వేలితో నొక్కి చూడు. పొడుగునా సలుపుతుంటే వారం రోజులు విశ్రాంతి ఇచ్చి, మళ్లీ మెల్లగా మొదలుపెట్టు. ఒక్కచోటే సూది గుచ్చినట్టుంటే, రాత్రి పడుకున్నా నొప్పి తగ్గకపోతే, ఎముకల డాక్టరు చూసేదాకా అడుగు పరుగెత్తొద్దు. ఎముకలో సన్నని పగులుంటే ఈ ఏడాది మారథాన్ వదులుకున్నా పరవాలేదు.

తిండి గురించి యూట్యూబ్ చూసి కంగారు పడకు. అన్నం మంచిదే. చోడి (రాగి) అంబలి మామూలు రోజుల్లో తాగు, రేసు ముందు రాత్రి మాత్రం పీచు తక్కువున్న తిండి తిను. రేసు రోజు పొద్దున్నే రెండు మూడు గంటల ముందు ఇడ్లీలు, అరటిపండు. దారిలో 40 నిమిషాల నుంచే ఖర్జూరమో, పరుగులో తినే చక్కెర జెల్ ప్యాకెట్టో కొద్దికొద్దిగా నోట్లో వేసుకో, ఆకలయ్యేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. ఉత్త నీళ్లు అదే పనిగా తాగినా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. ఓఆర్ఎస్ కలిపి తాగు. ఇవన్నీ ముందు శ్రీకూర్మం దారిలో తిని, తాగి చూసుకో. కొత్త షూ మాత్రం ఆ రోజు తొడగొద్దు.

విశాఖ బీచ్ రోడ్డు నున్నగా ఉంటుందనుకుంటున్నావేమో. తెన్నేటి పార్కు, కైలాసగిరి దిగువన ఎత్తుపల్లాలున్నాయి. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేసుకో.

వచ్చే శనివారం సాయంత్రం బస్సుకి బయల్దేరుతున్నాను. ఆదివారం శ్రీకూర్మం దాకా నీ స్కూటీ మీద నీ వెనకే వస్తాను, నీళ్ల సీసాలు నా దగ్గరుంటాయి. ఆరున్నర నిమిషాల కన్నా వేగం పెంచావంటే హారన్ కొడతాను. రాత్రికి నాకూ కాస్త అన్నం పెట్టమని అక్కకి చెప్పు.

నీ మావయ్య,
విజయనగరం