ఆట ఎక్కడ మందగిస్తోంది?

ప్రశ్న: నింటెండో ఎన్‌ఈఎస్ గేమ్ యంత్రం కోసం అసెంబ్లీ భాషలో ఒక ఆట రాస్తున్నాను. తెరపై ముగ్గురు శత్రువులు ఉన్నంతవరకు సాఫీగా సాగే ఆట, ఆరుగురు చేరేసరికి సగం వేగానికి పడిపోతోంది. గుణకారం చేసే రొటీన్‌ను వేగవంతం చేసినా ఫలితం కనిపించలేదు. ఏ కోడ్ ఎంత సమయం తీసుకుంటోందో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: వేగం సగమైందంటే మీ కోడ్‌కు రెట్టింపు సమయం పడుతోందని అర్థం కాదు. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల టీవీ పద్ధతి) యంత్రంలో ఒక ఫ్రేముకు, అంటే తెరపై ఒక పూర్తి చిత్రానికి, 262 గీతలు, గీతకు సుమారు 113.67 సైకిళ్లు (ప్రాసెసర్ గడియారపు అడుగులు), వెరసి దాదాపు 29,780 సైకిళ్లు మాత్రమే దొరుకుతాయి. పని ఆ హద్దును కాస్త దాటినా మీ ప్రధాన లూప్ తర్వాతి ఎన్‌ఎంఐ (ఫ్రేము గీయడం ముగియగానే ప్రాసెసర్‌కు వచ్చే సంకేతం) కోసం ఆగిపోతుంది కనుక, ఆట రెండు ఫ్రేములకు ఒక్కసారే కదులుతుంది. కాబట్టి ముందు కొలవండి, ఆ తర్వాతే కోడ్‌ను మార్చండి.

అందుకు రంగు పట్టీని మించిన సులువైన పద్ధతి నాకు తెలియదు. తెరపై బొమ్మను గీసే చిప్ అయిన పీపీయూలో హెక్సా 2001 చిరునామాలో ఉన్న మాస్క్ రిజిస్టర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛాయలను పెంచే మూడు బిట్లున్నాయి. శత్రువులను కదిలించే రొటీన్ మొదలవగానే నీలం బిట్‌ను వేసి, ముగియగానే తీసేస్తే, అది నడిచినంతసేపు గీసిన గీతలన్నీ నీలిరంగు తేలి కనిపిస్తాయి. పట్టీ ఎత్తు 40 గీతలైతే ఆ రొటీన్‌కు సుమారు 4,550 సైకిళ్లు పట్టినట్టు. ఢీకొనడాన్ని పరిశీలించే రొటీన్‌కు ఎరుపు కేటాయించండి. ఈ రిజిస్టర్‌ను చదవడం కుదరదు కనుక, దాని విలువ నకలును ర్యామ్‌లో ఉంచుకుని, మిగతా బిట్లు చెదరకుండా రాయాలి. వీబ్లాంక్‌లో (ఒక ఫ్రేము గీయడం ముగిశాక తర్వాతిది మొదలయ్యేలోపు వచ్చే విరామంలో) జరిగే పని మాత్రం ఈ పట్టీలో కనిపించదు.

పట్టీ ఎత్తు ఫ్రేము ఫ్రేముకూ మారుతుంది. అతి పొడవైన పట్టీనే లెక్కలోకి తీసుకోండి, ఎందుకంటే సగటు ఎంత బాగున్నా హద్దు దాటిన ఫ్రేములోనే ఆట తడబడుతుంది. ఆరుగురు శత్రువులనూ ఒకేచోట నిలిపి చూడండి. ప్రతి శత్రువునూ మిగతా అందరితో పోల్చుతున్నట్లయితే, ముగ్గురికి 3 జతలే ఉన్నా ఆరుగురికి 15 జతలవుతాయి. మీ సమస్య అక్కడే ఉండవచ్చని నా అనుమానం.

కచ్చితమైన సైకిళ్ల లెక్క కావాలంటే కంప్యూటర్‌పై ఎన్‌ఈఎస్‌ను అనుకరించే మెసెన్ ఎమ్యులేటర్ డీబగ్గర్‌లోని ప్రొఫైలర్‌ను (ఏ రొటీన్‌కు ఎన్ని సైకిళ్లు పట్టాయో చూపే సాధనాన్ని) వాడండి. ఇండెక్స్‌తో చదివే పట్టిక 256 బైట్ల పేజీ హద్దును దాటితే, ఆ హద్దుకు అవతల చదివిన ప్రతిసారీ ఒక సైకిల్ అదనంగా పడుతుంది. అందుకే డేటాను జరిపిన ప్రతిసారీ మళ్లీ కొలవాలి. పాల్ (ఐరోపా టీవీ పద్ధతి) యంత్రంలో ఫ్రేముకు దాదాపు 33,247 సైకిళ్లు ఉంటాయి కాబట్టి, అక్కడ సరిపోయిన కోడ్ ఎన్‌టీఎస్‌సీలో సరిపోకపోవచ్చు.