తొర్ర పడ్డ వేప దుంగ గడపకు పనికొస్తుందా?

ప్రశ్న: మా నాన్న నాటిన వేపచెట్టు గాలివానకు పడిపోయింది. మొదలు దగ్గర తొర్ర, లోపల పుచ్చు. కోత మిల్లులో పొయ్యిలోకి తప్ప పనికిరాదంటున్నారు. కొత్తింటికి గడప అయినా రాదా?
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: తొందరపడి పొయ్యిలో పెట్టకండి. ముందు ఉలితో పొడిచి చూడండి, గట్టి చెక్కయితే ఉలి ఆగుతుంది, పుచ్చిందయితే మెత్తగా దిగిపోయి వేళ్ల మధ్య పొడిలా నలుగుతుంది. మొదలు నుంచి అడుగు చొప్పున కోయించుకుంటూ పైకి వెళ్లండి, కోసిన ముఖం మీద పుచ్చు మచ్చ ఆగిపోయిన చోటే మీ గడప మొదలు. పుచ్చు నడిమధ్యలో దూరం దాకా పోయి ఉంటే దాని మీదుగానే దుంగను నిలువునా రెండుగా చీల్పించండి, అప్పుడు చెడ్డదంతా ఒక పక్కకు వస్తుంది, దాన్ని చెక్కేసి మిగతా ఎర్రటి చేవలో పలకలు తీయొచ్చు. రంగు మారిన చెక్క గట్టిగా అనిపించినా దూలానికి మాత్రం వద్దు, పుచ్చు కంటికి కనబడకముందే బలం తినేస్తుంది. పీటలకు, అరలకు పర్లేదు.

ఇంకోటి, ఇంటిముందు చెట్టు కదా, బట్టల తీగ కోసం కొట్టిన మేకులు లోపల ఉండిపోతాయి. వెతికి పీకించాకే మిల్లుకు తీసుకెళ్లండి, లేకపోతే బ్లేడు పోతుంది.

కోశాక నీడలో, మధ్యమధ్య బద్దలు పెట్టి గాలి ఆడేలా పేర్చండి, చివర్లకు పెయింట్ పూయండి. తేమ 20 శాతం లోపుకు దిగితే పుచ్చు ముందుకు పాకదు. మన ఎండలకు త్వరగా ఆరుతుందని ఎండలో పడేస్తే పగుళ్లిస్తుంది. గడప మందం ఎక్కువ, కొన్ని నెలలైనా ఆగాల్సిందే.