ముందు మెట్ల దగ్గర నిలబడు

చిరంజీవి బుజ్జితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

బ్రస్సెల్స్‌లో గది దొరికిందని, క్లాసులు మొదలయ్యాయని మీ నాన్న చెప్పాడు. మొదటి అసైన్‌మెంటే బెల్జియం ఆర్కిటెక్ట్ విక్టర్ హోర్టా కట్టిన ఇళ్ల మీద అని నీ మెసేజ్ చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదమ్మా. ఆ ఊళ్లో ఉద్యోగం చేసిన మూడేళ్లూ నా శనివారాలన్నీ ఆ వీధుల్లోనే గడిచాయి. "ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?" అని అడిగావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అన్నట్టు, రాసేది హోర్టా అని అయినా అక్కడివాళ్లు 'ఓర్తా' అంటారు. దారి అడిగేటప్పుడు గుర్తుంచుకో.

మొట్టమొదట ఆయన ఇళ్లకు వెళ్లకు. నువ్వు ఉంటున్న వీధిలోనే పాత ఇళ్లు చూడు. గోడకు గోడ ఆనుకుని వరసగా ఉంటాయి. కిటికీలు వీధి వైపు, పెరటి వైపు తప్ప పక్కలకు ఉండవు. ఒక పక్కగా నడవా, మెట్లు. రెండో పక్క ఒకదాని వెనక ఒకటి మూడు గదులు. ఆ మధ్య గదిలోకి వెళ్లి నిలబడితే మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. ఎవరైనా స్నేహితురాలు అలాంటి ఇంట్లో అద్దెకుంటే ఆ గదిలో ఒక పూట కూర్చునిరా. ఆ చీకటి తెలియకపోతే హోర్టా చేసిన పని నీకు సగమే అర్థమవుతుంది.

ఆయన చేసిందేమిటంటే, ప్రొఫెసర్ ఎమిల్ టాసెల్ కోసం 1893లో కట్టిన ఇంట్లో వీధి వైపు ఒక భాగం, పెరటి వైపు ఒక భాగం కట్టి, రెండింటినీ మధ్యలో ఇనుముతో కలిపి, దాని పైన అద్దాల కప్పు వేశాడు. పక్కనుండే మెట్లను తెచ్చి ఆ వెలుతురు కింద పెట్టాడు. స్థలం వెడల్పు ఎనిమిది మీటర్లు కూడా లేదు. అయినా ఇంటి నడిబొడ్డున పగలు వెలుతురు దిగుతుంది.

నాయనమ్మ వాళ్ల ఇంట్లో మండువా గుర్తుందా? నాలుగు వైపుల నుంచి పెంకులు లోపలికి వాలి, మధ్యలో ఆకాశం. వానొస్తే నువ్వు స్తంభాన్ని పట్టుకుని చేయి చాపేదానివి. కష్టం అదే తల్లీ, ఇంటి మధ్యకి వెలుతురు తేవడం. మనవాళ్లు పైన తెరిచి వదిలారు, చలిదేశంలో ఆయన అద్దం వేశాడు. హోర్టాకి మన మండువా తెలుసని కాదు. కానీ నీకు తెలుసు కదా. నీ క్లాసులో ఎవరికీ లేని ఆ కన్ను నీకుంది, దాంతోనే చూడు.

అందుకే చెబుతున్నాను, ఫసాడ్, అంటే వీధి ముఖం, ఫోటోలతో మొదలుపెట్టకు. నేను మొదటి నెలంతా అదే చేశాను. వందల ఫోటోలు తీశాను. తర్వాత కాగితం ముందు కూర్చుంటే మెట్లు ఏ అంతస్తును ఎక్కడ కలుస్తాయో ఒక్కటీ గీయలేకపోయాను. నువ్వు ముందు సెక్షన్ గియ్యి. ఇంటిని వీధి నుంచి పెరటిదాకా నిలువునా కోసినట్టు ఊహించుకో. పైన అద్దం నుంచి వెలుతురు ఏ మెట్టు మీద పడి, ఏ గదిలోకి మళ్లుతుందో బాణం గుర్తులు పెట్టు. పైనుంచి చూసినట్టు గీసే ప్లాను తర్వాత, ఎదుటి నుంచి కనిపించే గోడ గీసే ఎలివేషన్ చిట్టచివర.

టాసెల్ ఇల్లు ప్రైవేటు చేతుల్లో ఉంది, అడగ్గానే లోపలికి రానివ్వరు. కాబట్టి మొదట ఆయన సొంత ఇంటికే వెళ్లు. ఆ ఊళ్లోనే సెన్-జీల్ అనే పేటలో, ర్యూ అమెరికేన్ అనే వీధిలో ఉంటుంది. 1898 నుంచి 1901 లోపు కట్టుకున్నాడు, 1969 నుంచి మ్యూజియం. భోజనాల గది దగ్గర కాసేపు ఆగు. ఆ గోడలకు తెల్లటి మెరుపు ఇటుకలు కనిపిస్తాయి. వెలుతురు తక్కువుండే పెరటి గోడలకు, కడిగి శుభ్రం చేసుకునే చోట్లకు వాడే రకం అది. దాన్ని తెచ్చి అతిథులు కూర్చునే గదికి పెట్టాడు, పక్కన ఖరీదైన చెక్కపని. మేఘం పట్టిన రోజు వెళ్తే ఆ ఇటుక ఎందుకో నీకే తెలుస్తుంది, ఉన్న కాస్త వెలుతురునీ గది అంతా పంచుతుంది.

తర్వాత మెట్లెక్కి పైదాకా వెళ్లు. పైన పసుపు, తెలుపు గాజు. రెండు పక్కలా ఎదురెదురుగా అద్దాలు. నేను తొలిసారి ఎక్కినప్పుడు బయట నవంబరు ముసురు. అక్కడ మాత్రం గోడలు, నా చేతులు, నా పాత కోటు అన్నీ లేత బంగారు రంగులో ఉన్నాయి. ఎదురద్దాల్లో ఆ మెట్ల గది ఎక్కడా ఆగకుండా సాగిపోతూ కనిపించింది. కిందికి చూస్తే చెక్క పిడి కింద ఇనప కమ్ములు పొట్ల తీగల్లా వంపు తిరుగుతున్నాయి. ఆ వంపు మాత్రం ఫోటో తీయకుండా చేత్తో గియ్యి. పది సార్లు గీస్తేగాని పట్టుబడదు.

హోర్టా కట్టినవన్నీ మిగల్లేదు. ఆయన కట్టిన మెజాన్ దు పప్ల్ (ప్రజల ఇల్లు) అనే పెద్ద భవనాన్ని 1965లో కూల్చేశారు. మళ్లీ నిలబెడతామని విప్పి దాచిన ముక్కలు చెల్లాచెదురయ్యాయి, కొన్ని ఆంట్‌వెర్ప్ నగరంలో ఒక కాఫీ హోటల్లో తేలాయి. టాసెల్ ఇంటిని కూడా ఒకప్పుడు చిన్న చిన్న వాటాలుగా విడగొట్టారు. హోర్టా శిష్యుడు జాన్ డెలే పట్టుబట్టి బాగుచేయించాడు. టాసెల్, సాల్వే, వాన్ ఏట్‌వెల్డే ఇళ్లు, ఆయన సొంతిల్లు, ఈ నాలుగూ 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చాయి. రిపోర్టులో ప్రతి గదికీ ఏది అసలుది, ఏది తర్వాత చేసింది అని వేర్వేరు రంగుల్లో గుర్తు పెట్టు. రక్షిత భవనం కదా, అంతా పాతదే అనుకోవద్దు. తెలియకపోతే అక్కడి సిబ్బందిని అడుగు, మొహమాటపడకు.

ఇంకొకటి. వాన్ ఏట్‌వెల్డే, బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ ఆఫ్రికాలోని కాంగోను ఏలిన రోజుల్లో ఆ పాలనలో పెద్ద అధికారి. ఆయన ఇంటి గాజు గుమ్మటం ఎంత అందంగా ఉన్నా, కాంగో జనం రక్తం పిండిన రోజులవి. ఆ మాట నీ రిపోర్టులో రాయి. అందం గురించి రాసి అది వదిలేస్తే నాకు బాధేస్తుంది.

మన ఇల్లు పడగొట్టిన రోజు నేను ఊళ్లో లేను. టేకు స్తంభాలు, తలుపులు ఎవరో లారీలో వేసుకుపోయారు. మండువా పొడవెంత, వెడల్పెంత, వసారా ఎత్తెంత, ఇవాళ ఎవరూ చెప్పలేరు. డ్రాఫ్ట్స్‌మన్‌గా ముప్ఫై ఏళ్లు పనిచేశాను, నా ఇంటికి ఒక్క టేపు పట్టలేదు. అందుకే అడుగుతున్నాను, ఎక్కడికెళ్లినా సంచిలో టేపు ఉండాలి.

డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర దాటితే అక్కడ చీకటే, వెలుతురు చూడాలంటే ఈ నెలలోనే వెళ్లు. మొదటి సెక్షన్ ఎలా ఉన్నా సరే, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. అంకెలు పెద్దవిగా రాయి, నా కళ్లజోడు పాతదైంది.

ఇట్లు,
మీ పెదనాన్న